ఇంటి కెమెరాకు జూమ్ వచ్చిన కథ

స్విచ్ నొక్కగానే లోపల చిన్న మోటారు గుర్రుమంటుంది. లెన్సు మీది నల్లటి రెక్కలు విచ్చుకుంటాయి. ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్న గొట్టాలు ఒక్కొక్కటే బయటికి జరుగుతాయి. బొటనవేలు ఆనేచోట రెండు బొత్తాలుంటాయి. ‘టి’ నొక్కితే పెళ్లికూతురి మొహం దగ్గరికొస్తుంది, ‘డబ్ల్యూ’ నొక్కితే పెళ్లిపందిరంతా పడుతుంది. 1990ల్లో జేబులో పట్టే జూమ్ కెమెరా అంటే ఇదే.

పాత ఫిల్మ్ కెమెరాలు సేకరించేవాళ్లు ఇప్పుడు దీన్ని పెద్దగా పట్టించుకోరు. కాంటాక్స్ టి2 లాంటి ఖరీదైన వాటికో, ఒలింపస్ మ్యూ-2 లాంటి జూమ్ లేని చిన్న కెమెరాలకో పెద్దపీట వేస్తారు. కానీ ఫొటోగ్రఫీ ఓనమాలు కూడా రాని మనిషికి ‘ఎంత దగ్గరగా చూడాలి’ అన్న ఎంపికను చేతికిచ్చింది ఈ కెమెరాయే. అందుకే దీని కథ చెప్పుకోదగ్గది.

1970ల మొదట్లో 35 ఎంఎం కెమెరా కొన్న మామూలు మనిషికి చాలా పనులుండేవి. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అంచనా కట్టి లెన్సు తిప్పాలి. చీకటి పడితే ఫ్లాష్ తెచ్చి విడిగా తగిలించాలి. ప్రతి ఫొటోకీ మీట లాగి రీలు జరపాలి. ఏ ఒక్కటి మరిచినా ఫొటో పోయినట్టే. జపాన్ కంపెనీలు ఈ పనుల్ని మనిషి చేతిలోంచి ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చాయి.

మొదట ఫ్లాష్ వంతు. కోనికా కంపెనీ 1975లో తెచ్చిన సి35 ఈఎఫ్‌లో ఫ్లాష్ కెమెరాలోనే ఇమిడి ఉంది. జపాన్‌లో దానికి ‘పిక్కారి’ అని ముద్దుపేరు పెట్టారు. మనం తళుక్కుమంది అంటామే, అలాంటి మాట అది. రెండేళ్లకు, 1977లో, అదే కంపెనీ సి35 ఏఎఫ్ తెచ్చింది. పెద్ద ఎత్తున తయారై బజారుకొచ్చిన తొలి ఆటోఫోకస్ కెమెరా అదే. అమెరికాలోని హనీవెల్ కంపెనీ తయారుచేసిన విజిట్రానిక్ పరికరం అందులో పనిచేసేది. రెండు చిన్న కిటికీల్లోంచి వచ్చిన బొమ్మల్ని పోల్చి, అవి ఎక్కడ కలుస్తాయో చూసి దూరం తేల్చేది. 1979లో కానన్ తెచ్చిన ఏఎఫ్35ఎం మరో దారి పట్టింది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని ఎదుటి మనిషి మీదికి వదిలి, అది తిరిగొచ్చే కోణాన్ని బట్టి దూరం కొలిచింది. రీలు జరిపే పనినీ మోటారుకే అప్పగించింది.

ఇక మిగిలింది రీలు వేగం, అంటే దానికి ఎంత వెలుతురు కావాలో కెమెరాకు చెప్పడం; వేగం అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు. 1983లో కొడాక్ డీఎక్స్ కోడ్ ప్రవేశపెట్టింది. రీలు డబ్బా మీద చదరంగం గళ్లలా వెండి, నలుపు చదరాలు కనిపిస్తాయి కదా, అవే. కెమెరా లోపలి లోహపు ముళ్లు వాటిని తాకి అది 100 రీలా, 400 రీలా అన్నది చదువుకుంటాయి. ఇప్పుడు మనిషి చేయాల్సిందల్లా గురి చూసి నొక్కడమే.

ఒక లోటు మాత్రం ఉండిపోయింది. లెన్సు కదలదు కాబట్టి మనిషే కదలాలి. దగ్గరగా కావాలంటే నాలుగడుగులు ముందుకు, అందరూ పట్టాలంటే వెనక గోడకు ఆనుకునేదాకా వెనక్కి. కొన్ని కంపెనీలు రెండు దూరాల మధ్య మారే లెన్సులు పెట్టి చూశాయి. అసలు మార్పు 1986లో వచ్చింది. పెంటాక్స్ జూమ్ 70 అనే కెమెరా, లెన్సు విప్పి మార్చే పని లేకుండా, 35 నుంచి 70 ఎంఎం దాకా జరిగే జూమ్‌ను (లెన్సు విషయంలో ఈ అంకె పెరిగేకొద్దీ బొమ్మ దగ్గరికొస్తుంది) చిన్న పెట్టెలో ఇమిడ్చింది. జూమ్ ఉన్న తొలి 35 ఎంఎం ఆటోఫోకస్ కాంపాక్ట్ కెమెరా అదే.

అంత చిన్న పెట్టెలో జూమ్ పట్టడానికి కారణం అందులో అద్దం లేకపోవడం. పెద్ద ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సుకీ రీలుకీ మధ్య అద్దం పైకి లేవడానికి చోటు వదలాలి. కాంపాక్ట్ కెమెరాలో ఆ అవసరం లేదు కాబట్టి వెనక గాజు రీలుకు బాగా దగ్గరగా రావచ్చు. ముందు ఒక గాజుల గుంపు, వెనక ఒక గుంపు, వాటి మధ్య ఎడం మారితే జూమ్ మారినట్టే. పైన కన్ను పెట్టి చూసే కిటికీ వేరుగా ఉంటుంది కాబట్టి దాన్నీ లెన్సుతో పాటే జూమ్ చేయాల్సి వచ్చింది. కిటికీ ఒకచోట, లెన్సు మరోచోట ఉండటంతో దగ్గర నుంచి తీసిన ఫొటోల్లో తలలు తెగేవి. ఆ కిటికీలో కనిపించే సన్నటి గీతలు తలను ఎక్కడిదాకా ఉంచాలో చెప్పడానికే.

ఆపైన పోటీ మొదలైంది. ఒలింపస్ 1988లోనే 105 ఎంఎం దాకా వెళ్లింది. తర్వాత 115, 140, 160 వచ్చాయి. 2000లో పెంటాక్స్ ఎస్పియో 200 పేరులోనే 200 పెట్టుకుంది.

దూరం పెరిగేకొద్దీ వెలుతురు తగ్గింది. ఒలింపస్ మ్యూ జూమ్ 140నే తీసుకుందాం. 38 ఎంఎం దగ్గర దాని అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం కొలత, ఎఫ్4. పూర్తిగా 140కి లాగితే ఎఫ్11. అంటే రీలు మీద పడే వెలుతురు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎండలో ఇబ్బంది లేదు. సాయంత్రం పందిట్లోనో, ఇంట్లో ట్యూబ్‌లైటు కిందో జూమ్ చేస్తే చెయ్యి వణికి బొమ్మ చెదిరేది, లేదా ఫ్లాష్ అందక నల్లబడేది. ఈ ఇబ్బందిని రీలు కంపెనీలు బేరంగా మార్చుకున్నాయి. కొడాక్ మ్యాక్స్ జూమ్ 800 అనీ, ఫ్యూజీ జపాన్‌లో జూమ్ మాస్టర్ 800 అనీ కెమెరా గుణాన్నే రీలు పేరుగా పెట్టి అమ్మాయి.

ఈ కెమెరాల తప్పులు కూడా ఆల్బమ్‌లలో గుర్తుపట్టేలా మిగిలాయి. భార్యాభర్తలు పక్కపక్కన నిలబడితే ఆటోఫోకస్ సరిగ్గా మధ్యలోని సందు చూసుకునేది. వెనక గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు కూడా చదవగలం, మనుషుల మొహాలు మాత్రం మసక. ఒకరి మొహం మీద గురిపెట్టి, బొత్తాన్ని సగం నొక్కి ఆపి, ఆ తర్వాత కెమెరా జరపాలని తెలిసినవాళ్లు తక్కువ. ఎర్రకళ్ల సంగతీ అంతే. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉండటంతో ఆ వెలుగు కంటిపాపలోంచి లోపలి రక్తనాళాల పొరను తాకి నేరుగా తిరిగొచ్చేది. దూరంగా నిలబడి జూమ్ చేస్తే ఫ్లాష్‌కీ లెన్సుకీ మధ్య కోణం ఇంకా సన్నబడి కళ్లు మరింత ఎర్రగా పడేవి. ఫొటోకు ముందే ఫ్లాష్ టపటపా వెలగడం కంటిపాపను చిన్నది చేయడానికి. ఆ టపటపలతోనే ఫొటో అయిపోయిందనుకుని జనం కదిలిపోయేవాళ్లు. మూలన నారింజ రంగులో పడే తేదీ మరో గుర్తు. కొన్ని మోడళ్ల క్యాలెండర్ 2019తోనే ఆగిపోయింది.

తెలుగు ఇళ్లలో కెమెరా అంటే మొదట వడోదరలో తయారైన ఆగ్ఫా క్లిక్-3. రీలుకు 12 ఫొటోలు. తర్వాత హాట్‌షాట్, యాషికా, 1990ల చివర కొడాక్ కేబీ-10 వచ్చాయి. వీటిలో జూమ్ లేదు. జూమ్ కెమెరా ఎక్కువగా సూట్‌కేసులో వచ్చేది. కోనసీమ నుంచో, కరీంనగర్ నుంచో, కడప నుంచో గల్ఫ్ వెళ్లినవాళ్లు సెంటు సీసాలు, టేప్‌రికార్డర్లతో పాటు తెచ్చేవాళ్లు. అమెరికా వెళ్లిన పిల్లలు మొదటిసారి ఇంటికొస్తూ తెచ్చేవాళ్లు.

అప్పటిదాకా ఫొటో అంటే స్టూడియోలో బిగుసుకుని కూర్చోవడం. ఇంట్లో తీసినా కెమెరా దగ్గరికొస్తుంటే అమ్మమ్మ కొంగు సర్దుకుని మొహం తిప్పేసుకునేది. జూమ్‌తో వసారా ఇవతల నుంచే, ఎండ పడుతున్న పెరట్లో ఆవిడ ఊరగాయ కలుపుతుంటే తీయొచ్చు. ఎండ ఉంది కాబట్టి ఎఫ్11 కూడా చాలు, ఫ్లాష్ వెలగదు, ఆవిడకు తెలియదు. పనిలో మునిగిన చేతులు, వంగిన మెడ, ముందుకు జారిన కళ్లజోడు, వీటన్నిటితో మనిషి ఉన్నది ఉన్నట్టు ఫొటోలో పడటం అలా మొదలైంది.

రీలు పొదుపు మాత్రం మారలేదు. 36 ఫొటోలు పూర్తయితే తప్ప కడిగించేది లేదు. దసరా బొమ్మల కొలువుతో మొదలైన రీలు సంక్రాంతి ముగ్గుల దగ్గర ముగిసేది. ఆఖరి ఫొటో అవగానే మోటారు పెద్ద చప్పుడుతో రీలును వెనక్కి చుట్టేది. ఆ తర్వాత టౌన్లో కలర్ ల్యాబు, చీటీ మీద తేదీ, పసుపు కవర్లో ప్రింట్లు.

డిజిటల్ కెమెరాలు అదే ఆకారాన్ని, అదే ముడుచుకునే లెన్సును వారసత్వంగా తీసుకుని ఫిల్మ్ కెమెరాను పక్కకు నెట్టాయి. రీలు వేసుకునే కెమెరాల అమ్మకాన్ని అమెరికా, కెనడా, పశ్చిమ ఐరోపాల్లో ఆపేస్తున్నట్టు కొడాక్ 2004 జనవరిలో ప్రకటించింది. ఫ్లాష్‌నూ ఆటోఫోకస్‌నూ ఇంటి కెమెరాలోకి తెచ్చిన కోనికా, మినోల్టాతో కలిసిపోయి, 2006లో కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి.

2024లో పెంటాక్స్ మళ్లీ కొత్త ఫిల్మ్ కెమెరా తెచ్చింది. పేరు పెంటాక్స్ 17. ఫ్లాష్ ఉంది, వెలుతురు తనే కొలుస్తుంది. జూమ్ లేదు, ఆటోఫోకస్ లేదు, మోటారు లేదు. దూరాన్ని బొమ్మల గుర్తులు చూసి మనిషే ఎంచుకోవాలి, రీలును మీటతో తనే జరపాలి. ఆ మీటను మళ్లీ తయారుచేయడానికి రిటైరైన పాత ఇంజినీర్ల సలహా తీసుకోవాల్సి వచ్చింది.

పాత జూమ్ కెమెరాలకు మాత్రం విడిభాగాలు దొరకవు. లెన్సుతో పాటు ముడుచుకుని విచ్చుకునే సన్నటి సర్క్యూట్ రిబ్బన్ తెగితే బాగుచేయడం కష్టం. స్క్రూలు విప్పి చూద్దామనుకుంటే ఫ్లాష్ కెపాసిటర్‌లో మిగిలిన దాదాపు 300 వోల్టులు గట్టి షాకిస్తాయి. కానీ బీరువాలో ఒకటి దొరికితే, బ్యాటరీ వేసి చూడటంలో నష్టం లేదు. చాలావాటికి సీఆర్123ఏ సరిపోతుంది. వెనక తలుపు మాత్రం వెంటనే తెరవకూడదు. కౌంటర్‌లో 22 అనో 29 అనో కనిపిస్తే లోపల సగం తీసిన రీలు ఉన్నట్టే. కింది భాగంలో పెన్ను మొనతో మాత్రమే నొక్కగలిగే చిన్న గుంట బొత్తాన్ని వెతికి నొక్కితే మోటారు ఆ రీలును వెనక్కి చుట్టేస్తుంది. ఇరవై ఏళ్ల కిందటి సంక్రాంతి ముగ్గులు అందులోనే ఉండిపోయి ఉండొచ్చు.