బీమా సూత్రానికి బద్వేలు వ్యాఖ్యానం

ఫైనాన్స్, బీమా చదవాలనుకునే బద్వేలు డిగ్రీ విద్యార్థికి దగ్గరి దారులు రెండు: కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. అచ్చంగా బీమానే చదవాలంటే హైదరాబాదులో ఐఐఆర్ఎం ఉంది. బీమా నియంత్రణ సంస్థ, నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2002లో దాన్ని నెలకొల్పాయి. ఎక్కడ చేరినా ముందుగా నేర్వాల్సినవి బీమా మూలసూత్రాలే. పాఠ్యపుస్తకాల్లో వాటికి ఉదాహరణలుగా ఇంగ్లండు ఓడలు, కోటలు, కాలిపోయిన ఇళ్లు వస్తాయి. ఆ సూత్రాలనే సగిలేటి పక్కన, చెరువు కింద వరిమళ్లు, పైన మెట్టచేలు ఉన్న ఊళ్లలో పెట్టి చదివితే అర్థం ఇంకాస్త తెరుచుకుంటుంది. బీమా పత్రంలో ప్రతి మాటా చేనిగట్టు లాంటిది: నష్టంలో ఇంతవరకు కంపెనీది, ఇక్కడినుంచి నీది అని తేలుస్తుంది.

సూత్రాలన్నిటినీ ఒక్క వాక్యంలోకి కుదిస్తే ఇలా ఉంటుంది.

మూలం: బీమా ఆసక్తి గలవారు, అత్యంత విశ్వాసంతో, ప్రీమియం చెల్లించి, ఒప్పుకున్న కారణం వల్ల కలిగిన నష్టానికి, నష్టమంత పరిహారం పొందేందుకు చేసుకునే ఒడంబడిక బీమా.

బీమా ఆసక్తి గలవారు: ఒక వస్తువు పోతే ఎవరికి నష్టమో వారే దానిమీద బీమా తీసుకోవాలి. క్లాసులో ఇన్సూరబుల్ ఇంట్రెస్ట్ అనేది ఇదే. 18వ శతాబ్దపు ఇంగ్లండులో తమకేమీ కాని పెద్దమనుషుల ప్రాణాల మీద కూడా పాలసీలు తీసుకుని పందేలు కాసేవాళ్లు. దాన్ని ఆపడానికి 1774లో చట్టం తెచ్చారు. బీమా ఏది, జూదం ఏది అన్నది ఆ చట్టంతో తేలింది.

మన దగ్గర ఈ మాట కౌలు రైతు దగ్గరికి వచ్చేసరికి చిక్కుపడుతుంది. విత్తనం, ఎరువు, కూలి ఖర్చు అతనివే. గుత్త ముందే కట్టి ఉంటే అదీ అతని మీదే. పైరు ఎండితే మొదట మునిగేది అతనే కాబట్టి సూత్రం ప్రకారం పంట మీద బీమా ఆసక్తి అతనిది. పాసుపుస్తకం మాత్రం భూయజమాని పేర ఉంటుంది. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు పదకొండు నెలలు చెల్లే పత్రం ఇచ్చి, రుణానికీ బీమాకూ దారి చూపింది. ఆ పత్రానికి యజమాని ఒప్పుకోవాలి. సూత్రం ఎవరు నష్టపోతారని అడుగుతుంది. దరఖాస్తు భూమి ఎవరిదని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే మనిషి కానిచోట బీమా దారి తప్పుతుంది.

అత్యంత విశ్వాసంతో: దాచిపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పాలని దీని భావం. ఈ సూత్రానికి పుస్తకాలన్నీ చూపే తీర్పు 1766 నాటిది. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీ కోటకు గవర్నరైన కార్టర్, శత్రువులు కోటను పట్టుకుంటే పరిహారం వచ్చేలా బీమా తీసుకున్నాడు. ఫ్రెంచివాళ్లు కోటను పట్టుకున్నారు. కోట బలహీనత దాచాడంటూ బీమాదారు డబ్బు ఇవ్వనన్నాడు. తెలిసిన ముఖ్య విషయాలు చెప్పి తీరాలని న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ నియమం చెప్పాడు, కానీ కేసు గెలిచింది కార్టరే. బీమాదారు తనంతట తాను తెలుసుకోగలిగిన సంగతిని తర్వాత సాకుగా తేకూడదన్నది తీర్పులోని రెండో సగం. విద్యార్థులు మొదటి సగం రాసి వదిలేస్తుంటారు. మన చట్టంలోనూ ఈ రెండో సగానికి చోటుంది: 2015 సవరణ తర్వాత బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం, మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణం చూపీ కాదనడానికి లేదు.

పంట బీమాలో విశ్వాసం ఇంకోవైపు నుంచి కూడా అవసరమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో వర్షపాత బీమా మీద జరిగిన అధ్యయనాల్లో, తమకు తెలిసిన సంస్థ మనిషి భరోసాగా మాట చెప్పినప్పుడు ఎక్కువమంది పాలసీ కొన్నారని తేలింది. చేతిలో కాస్త డబ్బు ఉన్నవాళ్లే ముందుకు వచ్చారని కూడా తేలింది. బీమా బాగా అవసరమైన రైతుకు విత్తనాల వేళ చేతిలో పైసా ఉండదు. ఆ మాట నేరుగా తర్వాతి పదానికి తీసుకెళ్తుంది.

ప్రీమియం చెల్లించి: ప్రీమియం లెక్కకు ఆధారం పెద్ద సంఖ్యల సూత్రం. బద్వేలులో ఉన్న మోటారు సైకిళ్లన్నీ ఒకేరోజు ప్రమాదానికి గురికావు. అందరి దగ్గరా కొంచెం కొంచెం వసూలు చేస్తే నష్టపోయిన కొద్దిమందికి సరిపోతుంది. కరువు అలాంటిది కాదు. వాన ముఖం చాటేస్తే మండలం మొత్తం ఒక్కసారే ఎండుతుంది. పక్కవాడి ప్రీమియంతో నిన్ను ఆదుకునే వీలుండదు, పక్కవాడూ క్లెయిమ్ కోసం నిలబడి ఉంటాడు కనుక. అందుకే ఈ భారాన్ని ఊరు దాటించి, జిల్లా దాటించి, పునర్బీమా ద్వారా వేరే వాతావరణం ఉన్న దేశాల దాకా పంచాలి. అంత చేసినా అసలు ఖరీదు మెట్ట రైతు భరించలేడు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు వాటా ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతంగా పెట్టి, మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కడతాయి. ఆంధ్రప్రదేశ్ కొన్నాళ్లు ఆ పథకం వదిలి సొంతంగా ఉచిత పంట బీమా నడిపి, 2022లో తిరిగి చేరింది. ప్రీమియం ఎవరు కట్టినా కరువు ఖరీదు తగ్గదు. రైతు జేబునుంచి బడ్జెట్టుకు మారుతుందంతే.

ఒప్పుకున్న కారణం వల్ల: నష్టానికి సన్నిహిత కారణం ఏదో చూడాలి, అది పాలసీలో రాసి ఉండాలి. ఓడ మునిగితే తుపానా, యుద్ధమా అని తేల్చవచ్చు. శెనక్కాయ చేను ఎండిపోతే కారణం తేల్చడం అంత తేలిక కాదు. జూన్‌లో పదునుకు విత్తి, ఊడలు దిగే వేళ ఇరవై రోజులు చినుకు లేక, కాయ పీకే వేళ ముసురు పట్టిందనుకోండి. ఏడాది మొత్తం వర్షపాతం సగటుకు సరిపోయిందని లెక్క చెప్పవచ్చు, చేతికి కాయ రాకపోవచ్చు.

2003లో మహబూబ్‌నగర్‌లో సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్, బీమా కంపెనీ ఐసీఐసీఐ లొంబార్డ్ కలిసి అమ్మిన వర్షపాత బీమా ఈ చిక్కును గుర్తించింది. దేశంలో అలాంటి ప్రయత్నం అదే మొదటిది; కొన్నది రెండు వందల పైచిలుకు శెనక్కాయ, ఆముదం రైతులు. తర్వాత రూపు దిద్దుకున్న పత్రాలు పంటకాలాన్ని మూడు దశలుగా విడగొట్టాయి. మొదటి రెండు దశల్లో వాన తక్కువైతే పరిహారం, కోత దశలో వాన ఎక్కువైతే పరిహారం. ఇప్పటి ఫసల్ బీమాలో వడగళ్లు, ముంపు వంటి స్థానిక విపత్తులకు చేను చేనుకూ విడిగా అంచనా వేస్తారు. దానికి 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి. కారణం నిజమైనా గడువు దాటితే హక్కు పోతుంది.

కలిగిన నష్టానికి: వాక్యమంతటిలో బరువైన మాట ఇది. నష్టాన్ని ఎవరు, దేనితో కొలుస్తారు? ఒక్కో చేనును చూసి అంచనా వేయడానికి అయ్యే ఖర్చు చిన్న కమతంలో పంట విలువనే మింగేస్తుంది. అందువల్ల పంట బీమా చేనును వదిలి, ప్రాంతమంతటికీ ఒకే కొలతగా నిలిచే సూచీని పట్టుకుంది. మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి 1920లోనే తన గ్రంథంలో వానలెక్క ఆధారంగా వ్యవసాయ బీమా నడపవచ్చని ప్రతిపాదించాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే సూచీ దిగుబడి: ఊరిలో పంటకోత ప్రయోగాలు చేసి, వచ్చిన సగటును హామీ దిగుబడితో పోలుస్తారు.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక పంచాయతీలో శెనక్కాయకు హామీ దిగుబడి ఎకరాకు 500 కిలోలు, బీమా మొత్తం 20,000 రూపాయలు. ఈసారి సగటు 350 కిలోలని తేలింది. లోటు 150, అంటే 30 శాతం. అందరికీ ఎకరాకు 6,000 రూపాయలు. బోరున్న రైతుకు 520 కిలోలు పండినా 6,000 వస్తుంది. వట్టి మెట్టలో 100 కిలోలు పండినవాడికీ 6,000 మాత్రమే. సగటు 510 వచ్చి ఉంటే ఆ మెట్ట రైతుకు దక్కేది సున్నా. సూచీకీ, సొంత చేనుకూ మధ్య ఉండిపోయే ఈ ఎడాన్ని బేసిస్ రిస్క్ అంటారు. చెరువు కింద తడి, దాని పైన మెట్ట ఒకే పంచాయతీలో కలిసి ఉండే బద్వేలు వంటి ప్రాంతంలో ఈ ఎడం పెరిగే వీలు ఎక్కువ. ఎడం భారం పూర్తిగా రైతుదే, పత్రంలో ఆ మాట ఎక్కడా విడిగా రాసి ఉండకపోయినా.

నష్టమంత పరిహారం: బీమా వల్ల లాభపడకూడదు. 1883 నాటి ఇంగ్లండు తీర్పొకటి దీనికి ఆధారం. అమ్మకం ఒప్పందం జరిగాక, డబ్బు చేతులు మారకముందే ఇల్లు కాలింది. యజమాని బీమా డబ్బు తీసుకున్నాడు, కొన్నవాడి దగ్గర పూర్తి ధరా తీసుకున్నాడు. కోర్టు బీమా డబ్బు వెనక్కి ఇప్పించింది. సూచీ బీమా ఈ నియమాన్ని తెలిసే పక్కనపెడుతుంది. కాస్త ఎక్కువ పొందేవాళ్లు, బాగా తక్కువ పొందేవాళ్లు ఉంటారని ఒప్పుకుని, బదులుగా తక్కువ ఖర్చునూ వేగాన్నీ కోరుకుంటుంది.

విశేషం: నష్టం రాకుండా చూసుకోవడం గురించి మూలవాక్యంలో ఒక్క మాటా లేదు. ఆ పాఠం బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్లలో రాతి మీద ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువు గురించి 1369 నాటి సంస్కృత శాసనం, మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కపెట్టింది. కట్ట నుంచి నీరు కారడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం ఆ దోషాలు. మొదటి నాలుగూ కట్టేముందే చూసుకోవాల్సిన ప్రమాదాలు. చివరి రెండూ ఉన్న వనరుకు, ఇచ్చిన మాటకు పొత్తు కుదరకపోవడం. నేటి రిస్క్ మేనేజ్‌మెంట్ పేపరులో మొదటి యూనిట్ కూడా ఇదే క్రమంలో సాగుతుంది: ముందు తప్పించు, తర్వాత తగ్గించు, మిగిలినదానికే బీమా చేయించు.

తాత్పర్యం: సూత్రాలు అన్ని ఊళ్లకూ ఒకటే. వాటిని కొలిచే కర్ర ఎక్కడ పాతారన్నదాని మీద ఫలితం ఉంటుంది. పీజీ చివరి ఏడాది ప్రాజెక్టుకు విషయం వెతుక్కునే విద్యార్థి దూరం పోనక్కర్లేదు. తన పంచాయతీలో వరుసగా కొన్ని సీజన్ల పంటకోత ప్రయోగాల అంకెలు తీసుకుని, మెట్ట, తరి విడివిడిగా రైతుల అసలు దిగుబడులు వాటి పక్కన రాసి, ఎడం ఎంతో తేల్చాలి. ఆ అంకె తేలితే బీమా యూనిట్‌ను పంచాయతీ కంటే చిన్నది చేయాలా, మెట్టనూ తరినీ విడదీయాలా అన్న ప్రశ్నకు కంపెనీ, వ్యవసాయ శాఖ, రైతు ముగ్గురూ ఒకే కాగితం ముందు కూర్చుని మాట్లాడుకోగలుగుతారు.