మద్దగిరి కోటలో తల్లీబిడ్డలు

మా అవ్వ ఏనాడూ మధుగిరి అనలేదు. "మద్దగిరి" అనేది. మేం కన్నడ బడిలో చదువుకునే పిల్లలం, అది పల్లెపలుకు అనుకుని నవ్వేవాళ్లం. పెద్దయ్యాక చూస్తే ఇంగ్లీషువాళ్ల పాత పుస్తకాల్లోనూ ఆ ఊరి పేరు మద్దగిరే. అవ్వ మాటే పాత మాట.

మధుగిరి తుమకూరు జిల్లాలో ఉంది, బెంగళూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. ఆ పక్క తాలూకా పావగడ. అక్కడ ఇళ్లల్లో, సంతల్లో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంకాస్త తూర్పుకి పోతే హిందూపురం. ఊరి మీదికి వాలినట్టు నిలబడిన కొండంతా ఒకటే రాయి. అందుకే ఏకశిలా బెట్ట అంటారు.

కోట ఎలా పుట్టిందో ఒక కథ చెబుతారు. ఇక్కడి పాళెగాడు హిరేగౌడ మందలో ఒక గొర్రె తప్పిపోయిందంట. తిరిగొచ్చేసరికి ఒళ్లంతా తడిసి ఉందంట. అంటే కొండ మీద నీళ్లున్నాయన్నమాట. నీళ్లుంటే మనుషులు నిలబడగలరు. అట్లా మొదట మట్టికోట లేచింది. 1678లో, చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో, అది మైసూరువాళ్ల చేతికొచ్చింది. రాతిగోడలు, బురుజులు తర్వాత హైదరలీ గట్టి చేయించినవి. రాతిగుంటలో నిలిచే నీళ్లని మనం దొన అంటాం, కన్నడంలో దొణె. ఏ దుర్గానికైనా ప్రాణం అదే.

బడిలో మేం కెళది చెన్నమ్మ పాఠం చదివినాం. శివాజీ కొడుకు రాజారాముడికి ఆశ్రయమిచ్చిన రాణి ఆమె. ఆ వంశంలో చివరి రాణి వీరమ్మాజి గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పలేదు. 1763లో హైదరలీ బిదనూరు పట్టుకున్నాడు. వీరమ్మాజినీ, ఆమె దత్తపుత్రుడు సోమశేఖరుణ్నీ తెచ్చి ఈ మద్దగిరి కోటలోనే ఖైదు పెట్టినాడు. మలెనాడు వానల్లో, అడవుల్లో బతికినవాళ్లు. ఇక్కడ ఎటు చూసినా బండ, ఎండ. 1767లో పీష్వా మాధవరావు సేన కోట పట్టుకున్నాక గానీ వాళ్లకి విడుదల రాలేదు. పుణె పోయే దారిలోనే రాణి చనిపోయిందని చెబుతారు.

ఈ కథ మా పిల్లలకి కొండ మీదే చెప్పాలని సంక్రాంతి సెలవుల్లో పోయినాం. పెద్దవాడికి పదేళ్లు, చిన్నదానికి ఏడు. తాళ్లు కట్టుకుని ఎక్కే కొండ కాదు ఇది. మొదట కోట వాకిళ్ల గుండా మెట్లుంటాయి. మెట్లు అయిపోయాక ఉత్త బండ, దాని మీద పాదం పట్టేటంత చెక్కిన గాళ్లు, మరీ నిటారుగా ఉన్న చోట ఇనుప కమ్ములు. పెద్దవాళ్ల కాలికి సరిపోయే అడుగు పిల్లల కాలికి సరిపోదు. అది మేం ఇంట్లో ఆలోచించలేదు.

ఇంకో తప్పు కూడా మాదే. ఆరింటికి మొదలుపెట్టాల్సింది తొమ్మిదింటికి మొదలుపెట్టినాం. బండ వేడెక్కింది. సగం దాటినాక చిన్నది కమ్మి పట్టుకుని కూర్చుండిపోయింది. "అమ్మా, కిందికి చూస్తే కొండ కదులుతాంది" అంది. పైనుంచి దిగేవాళ్లు "ఇంకొంచెమే, రా పాపా" అని ధైర్యం చెప్పినారు. పైన పాత ధాన్యపు కొట్లు, పాడుబడిన గుడి ఉన్నాయి, చూడాలని మాకూ ఉంది. కానీ ఎక్కడం సగం పనే. దిగేటప్పుడు లోయ కళ్లముందు ఉంటుంది. భయపడిన బిడ్డని ఇంకా పైకి తీసుకుపోతే, అంత భయంతోనే అంత ఎత్తు దింపాలి. తిరిగినాం.

ఒకరం పాపకి ముందు, ఒకరం పెద్దవాడి చెయ్యి పట్టుకుని వెనక. చెప్పులు విప్పించి, బండ మీద కూర్చోబెట్టి, వీపు కొండకి ఆనించి, ఒక్కో గాడికి ఒక్కో పాదం పెట్టిస్తూ దింపినాం. ఎక్కినదానికంటే దిగడానికే ఎక్కువసేపు పట్టింది. పెద్దవాడు అలిగినాడు, "పైదాకా పోలేదు" అని.

కింద కోటవాకిలి నీడలో నీళ్లు తాగి, చిత్రాన్నం తిన్నాక రాణి కథ చెప్పినాం. పాప అంతా విని అడిగింది: "ఆ రాణికి భయమేసినప్పుడు కిందికి ఎవరు తీసుకొచ్చినారు?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చరిత్ర పుస్తకంలో 1763, 1767 అని రెండు అంకెలుంటాయి. మధ్యలో నాలుగేళ్లు ఉన్నాయని మాకు ఆ ప్రశ్నతోనే తెలిసింది. "నాలుగేళ్లు ఎవరూ రాలేదమ్మా" అన్నాం. పాప ఇంకేమీ అనలేదు, వచ్చి ఒళ్లో కూర్చుంది. అలిగినవాడు కూడా దగ్గరికి జరిగినాడు.

మన ఇళ్లల్లో ఎవరైనా పిల్లలతో పోతే తెల్లారకముందే పోండి. వానకాలంలో వద్దు, తడిసిన బండ సబ్బులాగుంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోయండి. ఊరి పేరులోనే తేనె ఉంది, తేనెపట్లు కనబడితే అరవొద్దు, పొగ పెట్టొద్దు. బిడ్డ చాలు అంటే అక్కడే చాలు.

వచ్చే మార్గశిరంలో మళ్లీ పోతాం. ఎంతదాకా ఎక్కాలో ఈసారి పాప చెబుతుంది.