ఉపదేశము – ఆచరణ: పొదుపు అలవాట్లపై మనస్తత్వ పరిశోధనల చరిత్ర

దీపాన్ని అనవసరంగా వెలిగించరాదనీ, నీటిని వృథా చేయరాదనీ తెలియనివారు అరుదు. అయినను తెలిసినదంతా ఆచరణలోనికి రాదు. తెలివికీ అలవాటుకూ నడుమనున్న ఈ అంతరాన్ని గూర్చి నీతికారులు అనాదిగా చెప్పుచునే ఉన్నారు. దానిని కొలిచి, దాటుటకు మార్గమేదో ప్రయోగపూర్వకంగా నిర్ణయించే ప్రయత్నం మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలో ఆరంభమైనది.

ప్రకృతి వనరులు ముందు తరాలవారికి కూడ మిగులునట్లు వస్తువులను వాడుకొనుటను నేడు సుస్థిర వినియోగమని వ్యవహరిస్తున్నారు. వినియోగదారుల మనస్తత్వాన్ని ఈ దృష్టితో పరిశీలించే డాక్టరేటు విద్యార్థులకు పలు దేశాలలో ప్రభుత్వాలూ, ధర్మనిధులూ ధనసహాయం చేస్తున్నవి. ఇంత ధనం వెచ్చించి తెలుసుకొనవలసినది ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానం కావలెనన్న రెండవ ప్రపంచయుద్ధకాలపు అమెరికాకు పోవలెను.

వంటయింటిలో ఒక ప్రయోగం

ఆ యుద్ధకాలంలో అమెరికా తన మాంసంలో పెద్ద భాగాన్ని సైన్యానికీ, మిత్రదేశాలకూ పంపవలసివచ్చినది. 1943 మార్చిలో మాంసానికి రేషను విధించినారు. పశువుల గుండె, మూత్రపిండాలు, కొన్ని గ్రంథులు మంచి పోషకాహారమే అయినను, అనేక కుటుంబాలలో వాటిని తినుటకు ఇష్టపడేవారు కారు. ఈ అయిష్టాన్ని తొలగించుట ఎట్లు? జాతీయ పరిశోధక మండలి 1940లో ఆహారపు అలవాట్లను గూర్చి ఒక సంఘాన్ని ఏర్పరచియుండెను. ప్రసిద్ధ మానవశాస్త్రజ్ఞురాలు మార్గరెట్ మీడ్ దానికి కార్యదర్శి. ఆ సంఘం పక్షాన అయోవా విశ్వవిద్యాలయంలోని కర్ట్ లెవిన్ పరిశోధన చేపట్టినాడు.

లెవిన్ 1890లో జన్మించిన యూదుడు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యకత్వం వహించుచుండగా, 1933లో హిట్లర్ అధికారానికి వచ్చుటతో జర్మనీని విడిచిపెట్టినాడు. అతడు ముందుగా వేసిన ప్రశ్న చాల సామాన్యమైనది: ఒక పదార్థం భోజనపు బల్ల మీదికి ఏ మార్గాన వచ్చుచున్నది? అంగడి నుండి కాని, పెరటి తోట నుండి కాని వచ్చే ప్రతి పదార్థమూ ఒక ద్వారం దాటవలెను. ఆ ద్వారం వద్ద నిలిచి ఏది రావలెనో, ఏది రాకూడదో నిర్ణయించునది సాధారణంగా గృహిణియే. కాబట్టి ఇంటిల్లిపాదికీ బోధించుటకంటె గృహిణి నిర్ణయాన్ని పరిశీలించుట ముఖ్యమని అతడు తలచినాడు.

రెడ్ క్రాస్ సేవికలైన స్త్రీలను 13 మొదలు 17 మంది వరకు గల ఆరు బృందాలుగా తీసుకొన్నారు. మూడు బృందాలకు చక్కని ఉపన్యాసం ఏర్పాటైనది. ఆ మాంసాలలోని పోషక విలువలు, యుద్ధ ప్రయత్నంలో వాటి స్థానం, వండే విధానం మున్నగునవన్నీ వివరించినారు. వంటల వివరాలు ముద్రించి పంచిపెట్టినారు. తక్కిన మూడు బృందాలలో ఉపన్యాసానికి మారుగా చర్చ జరిగినది. లెవిన్ శిష్యుడు అలెక్స్ బావెలాస్ చర్చను నడిపించినాడు. వండునప్పుడు వచ్చే వాసన, భర్తల అయిష్టత మొదలగు అభ్యంతరాలను స్త్రీలే బయటపెట్టినారు. వాటికి పరిష్కారాలను గూర్చి వారే ఆలోచించినారు. చివరకు, ఈ వారంలో వండి చూచుటకు ఎవరెవరు సిద్ధమని అడుగగా చేతులెత్తినారు. రెండు పద్ధతులకూ ఇచ్చిన వ్యవధి 45 నిమిషాలే.

తరువాత విచారించగా, ఉపన్యాసం విన్నవారిలో మునుపెన్నడూ వండని మాంసాన్ని వండినవారు నూటికి 3 మంది. చర్చించి నిర్ణయం చేసికొన్నవారిలో నూటికి 32 మంది!

ఈ ఫలితం చర్చ వలననే కలిగినదా? చేతులెత్తి నిర్ణయించుకొనుట వలన కలిగినదా? లేక ఇతరులు కూడ సిద్ధపడినారని కన్నులారా చూచుట వలననా? లెవిన్ ప్రయోగంలో ఇవన్నీ కలిసియున్నవి. పైగా చర్చలో పాల్గొన్నవారికి, తరువాత విచారణ జరుగునని ముందే తెలియును. ఉపన్యాసం విన్నవారికి తెలియదు. ఈ అంశాలను విడదీయుటకు ఈడిత్ బెనెట్ కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగం 1955లో ప్రచురితమైనది. నిర్ణయం తీసికొనుట, తోటివారందరూ అదే భావంతో ఉన్నారని గ్రహించుట – ఈ రెండే ముఖ్యమని ఆమె తేల్చినది.

ఒకే విధమైన ఇండ్లు, వేరువేరు లెక్కలు

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికా మున్నగు కొన్ని దేశాలకు చమురు సరఫరాను ఆపివేసినవి. కొద్ది నెలలలోనే చమురు ధర సుమారు నాలుగింతలైనది. యుద్ధకాలపు పొదుపు సమస్య మరల తలయెత్తినది. అప్పటికే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్విన్ రివర్స్ అనే కొత్త పట్టణంలో గృహాల ఇంధన వ్యయాన్ని పరిశీలించుచుండిరి. జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థ దీనికి ధనమిచ్చినది.

అచ్చట ఒకే నమూనాతో వరుసగా కట్టిన ఇండ్లున్నవి. గోడలొకటే, కిటికీలొకటే, యంత్రాలొకటే. అయినను ఒక యింటిలో ఖర్చయ్యే ఇంధనం మరొక యింటిలో ఖర్చయ్యేదానికి రెండింతలకు పైగా ఉండుట కనబడినది. కాపురమున్నవారు మారినచో ఆ యింటి వాడకం కూడ మారుచున్నదని సాండరెగర్ 1978లో చూపినాడు. ఇంధనం ఖర్చగుటలో ఇల్లు ఎంత కారణమో, ఇంటివారు కూడ అంత కారణమని ఇంజనీర్లు ఒప్పుకొనవలసివచ్చినది.

1977లో సెలిగ్మన్, డార్లీ అనువారు అదే పట్టణంలో మరొక ప్రయోగం ప్రకటించినారు. మామూలుగా విద్యుత్తు బిల్లు నెల గడచిన తరువాత వచ్చును. అప్పటికి ఏ రోజు ఏ పని వలన ఎంత ఖర్చయినదో ఎవరికి జ్ఞాపకముండును? కాబట్టి కొన్ని ఇండ్లవారికి వారానికి నాలుగు పర్యాయాలు వారి వాడకపు లెక్కను చూపినారు. వారి వాడకం, లెక్క చూపని ఇండ్లవారికంటె నూటికి 10.5 వంతులు తగ్గినది. మరుసటి సంవత్సరం బెకర్, లెక్క చూపుటతోబాటు నూటికి 20 వంతులు తగ్గింపవలెనన్న కఠినమైన లక్ష్యాన్ని కొన్ని కుటుంబాల ముందుంచగా, వారు నూటికి 13 మొదలు 15 వంతుల వరకు ఆదా చేసినారు.

ఇక ఉత్త బోధన మాట ఏమి? 1981లో గెల్లర్ ప్రకటించిన పరిశీలన ఇందుకు సమాధానం చెప్పుచున్నది. ఇంధన పొదుపును గూర్చి శిక్షణ పొందినవారు తమ అభిప్రాయాలు మారినవని చెప్పినారు. కాని వారిలో 40 మంది ఇండ్లకు పోయి చూడగా, వేడినీటి యంత్రంలో ఉష్ణోగ్రతను తగ్గించి ఉంచినవాడు ఒక్కడే. నీటిని తక్కువగా వదలే స్నానపు గొట్టపు మూతలను అందరికీ ఉచితంగా ఇచ్చినను, బిగించుకొన్నవారు 8 మంది మాత్రమే. జవాబు పత్రం ఒకటి చెప్పినది. ఇల్లు మరొకటి చెప్పినది.

పొరుగింటి ప్రభావం

ఇటువంటి విచిత్రమే 2008లో కూడ వెల్లడియైనది. కాలిఫోర్నియాలో 810 మందిని, మీరు విద్యుత్తును ఎందుకు పొదుపు చేయుచున్నారని ప్రశ్నించగా, పర్యావరణ రక్షణ, సమాజ హితం, డబ్బు ఆదా – వీటిని ముఖ్య కారణాలుగా చెప్పినారు. ఇరుగుపొరుగువారి ప్రభావం అన్నిటికంటె తక్కువ అన్నారు. కాని వారి నడవడితో అన్నిటికంటె గట్టి సంబంధం కనబడినది, పొరుగువారు కూడ పొదుపు చేయుచున్నారన్న నమ్మకానికే. నోలన్, షుల్ట్జ్, చాల్డీని మున్నగువారు దీనిని ప్రకటించినారు.

దీనికి ముందు, 2007లో, షుల్ట్జ్ బృందం అదే రాష్ట్రంలోని శాన్ మార్కోస్‌లో సుమారు 290 ఇండ్లవారికి, వారి వాడకాన్నీ ఆ ప్రాంతపు సగటు వాడకాన్నీ తలుపులకు తగిలించిన చీటీల ద్వారా తెలిపినది. ఎక్కువ వాడేవారు తగ్గించినారు. అయితే సగటుకంటె తక్కువ వాడేవారు, తాము అనవసరంగా కష్టపడుచున్నామనుకొనిరో ఏమో, వాడకాన్ని పెంచినారు! చీటీపై మెచ్చుకోలుగా ఒక నవ్వు ముఖం బొమ్మ గీసినచోట మాత్రం ఈ పెరుగుదల కలుగలేదు. సగటును చాటుట మంచివారిని కూడ సగటుకు దింపగలదన్న హెచ్చరిక ఇందులో ఉన్నది.

ఫలితాల పరిమితులు

ఒక చోట ఫలించినది అన్ని చోట్లా ఫలించునని అనుకొనరాదు. అమెరికాలోని ఒక హోటలులో జరిపి 2008లో ప్రకటించిన ప్రయోగంలో, ఇతర అతిథులు తువాళ్ళను మరల వాడుకొనుచున్నారని తెలిపిన గదులలో నూటికి 44 మంది అట్లే చేసినారు. పర్యావరణాన్ని కాపాడవలెనని మాత్రమే వ్రాసిన గదులలో 35 మంది చేసినారు. జర్మనీలో బోనర్, ష్లూటర్ ఇటువంటి ప్రయోగాన్నే జరిపి 2014లో ప్రకటించగా, ఈ ఆధిక్యం కనబడలేదు. అమెరికాలో సుమారు 6 లక్షల ఇండ్లకు పొరుగువారి లెక్కలతో పోల్చిన నివేదికలను పంపగా, విద్యుత్తు వాడకం సగటున నూటికి 2 వంతులు తగ్గినదని ఆల్కాట్ 2011లో లెక్కకట్టినాడు. ఇది స్వల్పమే; కాని కాగితపు ఖర్చుతో సాధించినది. మంచి యంత్రాలు, మంచి కట్టడాలు చేయవలసిన పనిని ఇది చేయజాలదు.

భారతదేశంలో కూడ వ్యక్తుల నిత్యజీవితపు అలవాట్లను మార్చుట లక్ష్యంగా 2022 అక్టోబరులో మిషన్ లైఫ్ ఆరంభమైనది. ఇటువంటి ఉద్యమాలలో ఉపాధ్యాయుని పాత్ర ముఖ్యమైనది. అతని చేతిలో ముందుగా నున్న సాధనం ఉపన్యాసమే. ఆ సాధనం ఒంటరిగా చేయగలిగినదెంతో లెవిన్ లెక్క చెప్పుచున్నది. అభ్యంతరాలను పిల్లలచేతనే చెప్పించి, వారే ఒక నిర్ణయానికి వచ్చునట్లు చేసి, వారం దినాల తరువాత మీటరు చూచి రమ్మన్న తరగతిలో, అదే పాఠం అదే 45 నిమిషాలలో మరింత దూరం పోగలదు. ఎంత దూరం పోయినదో చెప్పవలసినది మాత్రం మీటరే.