ముందు ఇరుసు ఎంపిక: సాంకేతిక చరిత్రలో ఒక పాఠం

1. పరిచయం

సాంకేతిక చరిత్రను మనం తరచుగా మెట్లవరుసలా ఊహించుకుంటాం. కొత్తది వస్తుంది, పాతది మూలపడుతుంది. ఈ పాఠ్యభాగంలో ఆ ఊహకు లొంగని ఉదాహరణను పరిశీలిద్దాం. అమెరికాలో రాళ్లలో, బురదలో ట్రక్కులు నడిపే కొందరు కంపెనీ బిగించిన ముందు చక్రాల సస్పెన్షన్‌ను కోసి తీసేసి, దాని చోట అంతకన్నా పాత పద్ధతి ఇరుసును అమర్చుకున్నారు. దీన్నే సాలిడ్ యాక్సిల్ స్వాప్ అంటారు. వారు పాతదాన్ని ఎందుకు కోరుకున్నారు? ఏ ఇరుసు తెచ్చుకోవాలో ఎలా తేల్చుకున్నారు? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకుని చదవండి.

2. రెండు పద్ధతుల మధ్య తేడా

ఎడ్లబండిని గుర్తు తెచ్చుకోండి. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసు మొత్తం ఒరుగుతుంది. సాలిడ్ యాక్సిల్ సూత్రమూ అదే. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గట్టి ఉక్కు తొడుగు ఉంటుంది. చక్రాలను తిప్పే షాఫ్టులు, డిఫరెన్షియల్ దాని లోపలే ఉంటాయి. ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి ఒత్తుకుని నేలను పట్టుకుంటుంది.

స్వతంత్ర సస్పెన్షన్‌లో ఏ చక్రం కదలిక దానిదే. రోడ్డు మీద కుదుపు తక్కువ, స్టీరింగ్ నిలకడగా ఉంటుంది. కానీ చక్రం పైకీ కిందికీ కదలగల మేర పరిమితం. పెద్ద టైర్ల కోసం బండిని ఎత్తు చేస్తే షాఫ్టుల కీళ్లు ఎక్కువగా వంగి త్వరగా అరిగిపోతాయి. కనుక 'ఏది మెరుగు?' అని అడిగే ముందు 'ఏ దారి మీద?' అని అడగాలి.

3. జీపు నుంచి పికప్ దాకా

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941–45 మధ్య, విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. వాటి ముందు ఇరుసు కమాన్ కట్టల మీద కూర్చున్న సాలిడ్ యాక్సిల్. ముందు చక్రం బండిని లాగాలి, పక్కకు తిరగాలి కూడా. ఈ రెండూ ఒకేసారి జరగడానికి ప్రత్యేకమైన కీళ్లు కావాలి. యుద్ధకాలపు జీపుల్లో ర్‌జెప్పా, బెండిక్స్-వైస్, ట్రాక్టా వంటి ఒకటికి మించిన రకాల కీళ్లు వాడారు.

యుద్ధం తర్వాత పికప్‌లూ ఇదే బాటలో నడిచాయి. 1966 ఫోర్డ్ బ్రాంకోకూ, 1979లో వచ్చిన టయోటా నాలుగు చక్రాల పికప్‌కూ ముందు సాలిడ్ యాక్సిలే. అయితే పొలం పనికి వాడిన బండి క్రమంగా కుటుంబ వాహనమైంది. కొనుగోలుదారు సుఖప్రయాణం కోరాడు. 1980లో ఫోర్డ్ తన ఎఫ్-150, బ్రాంకోల ముందు ఇరుసును రెండు ముక్కలుగా విడగొట్టింది. 1986 మోడల్ నుంచి టయోటా, 1988 మోడల్ నుంచి షెవ్రొలే పికప్‌లు స్వతంత్ర సస్పెన్షన్‌కు మారాయి. దారి లేని చోట తిరిగేవారు ఈ కొనుగోలుదారుల్లో కొద్దిమందే.

4. ఎంపిక ఎలా జరుగుతుంది?

1986 తర్వాతి టయోటా పికప్ యజమానినే ఉదాహరణగా తీసుకుందాం. తుక్కు యార్డులో అతని ముందు నాలుగు దారులుంటాయి.

(అ) 1979–85 టయోటా ఇరుసు: డిఫరెన్షియల్ కుడివైపు ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకు వచ్చే షాఫ్టూ అదే వైపు. చక్రానికి 6 బోల్టులు, వెనుక చక్రాలతో సరిపోతాయి. క్రౌన్ వీల్ 8 అంగుళాలు. అయితే 1986 నుంచి బండి వెడల్పు పెరిగింది కాబట్టి ముందు భాగం వెనుకకన్నా సుమారు 3 అంగుళాలు ఇరుకవుతుంది.

(ఆ) 1977, అంతకు ముందరి షెవ్రొలే అర టన్ను ట్రక్కుల డానా 44: డిఫరెన్షియల్ కుడివైపే, బోల్టులు 6. క్రౌన్ వీల్ 8.5 అంగుళాలు. వెడల్పు ఎక్కువ.

(ఇ) 1978–79 ఫోర్డ్ ఎఫ్-150, బ్రాంకోల డానా 44: పినియన్ ఎత్తుగా ఉండడం దీని మేలు. కానీ డిఫరెన్షియల్ ఎడమవైపు, బోల్టులు 5. ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా మార్చాల్సి వస్తుంది.

(ఈ) డానా 60: క్రౌన్ వీల్ 9.75 అంగుళాలు, బోల్టులు 8. చాలా దృఢమైనది, చాలా బరువైనది. చిన్న టైర్లున్న తేలిక బండికి అది మోయలేని భారం.

ఏది ఎంచుకున్నా ముందు, వెనుక గేరు నిష్పత్తులు ఒకటిగా ఉండాలి. లేకపోతే గట్టి నేల మీద ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి, స్టీరింగ్ కడ్డీలు మార్చాలి. ఈ పని సరిగా కుదరకపోతే వేగంలో ముందు చక్రాలు భయంకరంగా ఊగుతాయి. అది ప్రాణాపాయం.

ఇక్కడొక సంగతి గమనించండి. చాలామంది దృఢత్వం దగ్గర మొదలుపెట్టి పెద్ద ఇరుసు వైపు చూస్తారు. నిజానికి మొదటి ప్రశ్న 'డిఫరెన్షియల్ ఏ వైపు?' అన్నది. దశాబ్దాల కిందట డెట్రాయిట్‌లోనో జపాన్‌లోనో ఒక ఇంజినీరు గీసిన గీత, నేడు షెడ్డులో కూర్చున్న మనిషి ఎంపికను సగం నిర్ణయించేస్తుంది. మిగిలిన సగమే అతని చేతిలో ఉంటుంది. చరిత్రలో మనిషి స్వేచ్ఛ కూడా చాలాసార్లు ఇంతే.

5. మన దేశంలో

1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు పని చేపట్టింది. 2010లో వచ్చిన థార్‌కు ముందు స్వతంత్ర సస్పెన్షన్ అమర్చారు. 1985లో వచ్చిన మారుతి జిప్సీకీ, 2023లో వచ్చిన జిమ్నీకీ ముందూ వెనుకా సాలిడ్ యాక్సిళ్లే. అంటే పాతదీ కొత్తదీ పక్కపక్కనే బతుకుతున్నాయి. అయితే ఇరుసు మార్పిడి మన దగ్గర సొంత ఇష్టానికి వదిలిన విషయం కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులపై పరిమితులు విధించింది.

6. సారాంశం

కంపెనీ వదిలేసినంత మాత్రాన ఒక సాంకేతికత చచ్చిపోదు. దాని అవసరం ఉన్నవారు తుక్కులోంచి ఏరి తెచ్చి బతికించుకుంటారు. అందుకే సాంకేతిక చరిత్రను తయారుచేసినవారి వైపు నుంచే కాక, వాడినవారి వైపు నుంచి కూడా రాయాలి.

అభ్యాసం: మీ ఊళ్లో ఒక పాత జీపును యజమాని అనుమతితో పరిశీలించండి. ముందు ఇరుసు మీద డిఫరెన్షియల్ ఏ వైపు ఉందో, చక్రానికి ఎన్ని బోల్టులున్నాయో రాసుకోండి. దాని యజమాని ఆ బండిని ఇంకా ఎందుకు ఉంచుకున్నారో అడిగి, 10 వాక్యాల్లో రాయండి.