రణపాల రాత్రి జీవితం

మడగాస్కర్ నుంచి వచ్చిన రణపాల మన పెరళ్లలో మందుమొక్కగానే స్థిరపడింది. ఆకు నేలమీద పడినా అంచు నొక్కుల్లోంచి పిల్లమొక్కలు లేస్తాయి. అలాంటి మొక్కకు వేరే పోషణ ఎందుకన్న చులకన కూడా అలాగే స్థిరపడింది. ఈ చులకన తప్పు. రణపాల పగటి మొక్క కాదు, రాత్రి పనిచేసే మొక్క. ఆ సంగతికి తొలి ఆధారం చూపినవాడు మన కోస్తాలో పనిచేసినవాడే. తరంగంబాడి మొరేవియన్ మిషన్‌తో వచ్చిన జర్మన్ బెంజమిన్ హైనే, 1793లో వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లాక సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటల బాధ్యత తీసుకున్నాడు. లండన్ లినియన్ సొసైటీ సంపుటంలో 1815లో అచ్చయిన అతని ఉత్తరం చిన్నదే, విషయం పెద్దది. రణపాల ఆకు పొద్దున చుక్కకూర జాతి ఆకులంత పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి రుచి పోతుంది, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది. ఏ పరికరమూ లేకుండా, నాలుకతో తేల్చిన సంగతి ఇది.

హైనేకు ఇంత పేరు ఎందుకని అడగవచ్చు. జెనీవాలో సస్యూర్ అనే శాస్త్రవేత్త 1804 నాటికే నాగజెముడు జాతి మొక్కలు చీకట్లో వాయువులను పీల్చుకుంటాయని కొలిచి చూపించాడు. పైగా హైనే చెప్పిన కారణం నిలవలేదు: రాత్రి చేరిన ఆక్సిజన్ వల్ల పులుపు వస్తుందని, వెలుతురు దాన్ని తీసేస్తుందని అతను అనుకున్నాడు. ఈ రెండు అభ్యంతరాలూ నిజమే. కానీ సస్యూర్ చూసింది వాయువుల లెక్క. ఒకే ఆకు పూటపూటకూ మారుతుందన్న వరస పట్టుకున్నది హైనే. కారణం తప్పినా ఆ వరస తప్పలేదు. ఇరవయ్యో శతాబ్దపు రసాయన శాస్త్రం దానిమీదే నిలబడి అసలు సంగతి తేల్చింది. నీటికి కటకటలాడే చోట బతకడానికి ఈ మొక్క పగలు పత్రరంధ్రాలను దాదాపు మూసుకుని, చల్లని రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. దాన్ని మాలిక్ ఆమ్లంగా ఆకుల్లో దాచి, తెల్లారాక ఎండ సాయంతో వాడుకుంటుంది. పొద్దుటి పులుపు ఆ నిల్వే.

కుండీలో మొక్క పెంచుకునేవారికి ఈ చరిత్రతో పనేమిటనే ప్రశ్న మిగిలింది. చాలా పని ఉంది. పగలు నోరు మూసుకునే మొక్క నుంచి నీరు ఆవిరిగా పోయేది తక్కువ; తులసికి పోసినట్టు రోజూ చెంబెడు పోస్తే వేరు కుళ్లుతుంది. అడుగున చిల్లున్న కుండీ, ఇసుక కలిపిన మట్టి, పైమట్టి ఎండాకే నీళ్లు, వానాకాలంలో చూరు నీళ్లు పడని చోటు ఉండాలి. ఎండ మాత్రం తగ్గించకూడదు, దాచుకున్న ఆమ్లం ఖర్చయ్యేది ఆ వెలుతురులోనే. పూత సంగతికొస్తే అదీ రాత్రి చేతిలోనే ఉంది: రాత్రులు పొడుగయ్యే శీతాకాలంలో పొడవాటి కాడ లేచి, ఆకుపచ్చ బుడగల్లాంటి తొడుగుల్లోంచి ఎర్రని పూలు వేలాడతాయి. ఏళ్ల తరబడి పెంచినా పూయలేదనేవారు ఎరువు మార్చే ముందు, ఆ పొడుగు రాత్రిని చెడగొట్టే దీపం సంగతి చూడండి. కార్తీకం మొదలుకొని ఆ కుండీని వీధిదీపమూ వరండా బల్బూ పడని చోటికి జరపండి.