చర్మ సంరక్షణ ఉత్పత్తుల చిన్న పరిశ్రమ: ఢిల్లీ ప్రాంతంలో లీన్ తయారీ, వాహక పద్ధతులు

ఢిల్లీ చుట్టుపక్కల క్రీములు, లోషన్లు, సీరమ్‌లు తయారుచేసే చిన్న యూనిట్ల గురించి చెప్పేటప్పుడు రెండు మాటలు విడివిడిగా వినిపిస్తాయి. ఒకటి లీన్ తయారీ: పనిలోని వృథాను ఏరివేస్తూ, సరుకు ఆగకుండా సాగేలా చూసే పద్ధతి. రెండోది డెలివరీ సిస్టమ్: రెటినాల్, విటమిన్ సి వంటి క్రియాశీల ద్రవ్యాన్ని పాడవకుండా కాపాడి, చర్మంలో కావలసిన పొర దాకా చేర్చే వాహకం. మొదటిదాన్ని యాజమాన్య శాస్త్రంలోనూ రెండోదాన్ని ఔషధ శాస్త్రంలోనూ చేర్చడం ఆనవాయితీ. ఇక్కడ రెండింటినీ కలిపి చూడటానికి కారణం ఉంది. చిన్న యూనిట్‌లో వాహకం బతికి బట్టకట్టడం దాని రసాయనం కన్నా, అది వెసెల్ నుంచి ట్యూబులోకి చేరే దారి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఆ దారిని చక్కదిద్దడమే లీన్ పని.

లీన్ మూలాలు జపాన్‌లోని టొయోటా ఉత్పత్తి విధానంలో ఉన్నాయి. ఆ పేరు మాత్రం అమెరికాలో పెట్టింది. 1990లో వోమాక్, జోన్స్, రూస్ మోటారు పరిశ్రమపై రాసిన గ్రంథంతో అది పుట్టిందని చాలా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మాటను లోకానికి ఎక్కించింది ఆ గ్రంథమే గాని, దాని వెనకున్న పరిశోధనలోనే పనిచేసిన జాన్ క్రాఫ్‌సిక్ 1988లో ప్రచురించిన వ్యాసంలోనే అది ఉంది కాబట్టి 1988ని తీసుకోవడం సబబు. అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, రవాణా, అక్కరలేని ప్రక్రియ, నిల్వ, అక్కరలేని కదలిక, లోపాలు అనే ఏడు వృథాల జాబితా టొయోటా ఇంజనీరు తాయిచీ ఓనోది. ఢిల్లీ ప్రాంతానికి ఈ విద్య కార్ల వెంట వచ్చింది. 1983 డిసెంబరులో గుర్‌గావ్ (నేటి గురుగ్రామ్) కర్మాగారం నుంచి తొలి మారుతి కారు బయటికి వచ్చాక, దానికి విడిభాగాలు సరఫరా చేసేవారికి జపాన్ పద్ధతులు నేర్వక తప్పలేదు. ఆ ప్రాంతపు సోనా కోయో స్టీరింగ్ సిస్టమ్స్ 2003లో నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి పొందడం ఆ ఒరవడికి కొనసాగింపే. చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన లీన్ పథకానికి ఆరంభ సంవత్సరంగా సాధారణంగా 2009ని చెబుతారు. అప్పుడు 100 మినీ క్లస్టర్లతో ప్రయోగాత్మకంగా నడిపి, 2013 నుంచి విస్తరించారు. అమలు పర్యవేక్షణలో ఢిల్లీ లోధీ రోడ్డులోని జాతీయ ఉత్పాదకతా మండలి (1958) పాత్ర ముఖ్యమైనది. 2023 మార్చి 10న కొత్త రూపంలో మొదలైన పథకానికి మూడు అంచెలు ఉన్నాయి. సలహా, చేయూతల ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది.

లీన్ పాఠాల్లోని ఉదాహరణలు ఇప్పటికీ ప్రెస్సు, లేతు, అసెంబ్లీ లైను చుట్టూ తిరుగుతాయి. క్రీము తయారీ తీరు వేరు. నూనె భాగాన్నీ నీటి భాగాన్నీ విడివిడిగా 70–75 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, కలిపి, హోమోజనైజర్‌తో చిలికి, తిప్పుతూ చల్లార్చి, వేడి 40 డిగ్రీల దరిదాపుకు దిగాక సువాసనను, వేడికి తట్టుకోలేని ద్రవ్యాలను చేరుస్తారు. ఆ బల్క్‌ను పరీక్షకు ఆపి, తర్వాత ఫిల్లింగ్‌కు పంపుతారు. ఇనుప భాగం రెండు యంత్రాల మధ్య రెండు రోజులు పడి ఉంటే నష్టం వడ్డీ మాత్రమే. రెటినాల్ కలిసిన బల్క్ మూత సరిగా లేని డ్రమ్ములో రెండు రోజులు ఉంటే గాలి, వెలుతురు తగిలి సరుకే మారిపోతుంది. ఓనో జాబితాలో ‘ఎదురుచూపు’, ‘నిల్వ’, ‘లోపం’ మూడు వేర్వేరు పద్దులు. చర్మ సంరక్షణలో మొదటి రెండూ మూడోదాన్ని కంటాయి.

వాహకాల కథ చర్మపు పై పొర అయిన స్ట్రాటమ్ కార్నియమ్‌తో మొదలవుతుంది. చాలాచోట్ల 10–20 మైక్రోమీటర్ల మందమే ఉండే ఈ పొరలో మృతకణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వులు సున్నంలా అమరి ఉంటాయన్నది వాడుకలో ఉన్న నమూనా. 500 డాల్టన్లకు మించిన అణువు ఆరోగ్యకరమైన చర్మాన్ని దాటడం కష్టమన్న సూత్రాన్ని బాస్, మైనార్డి 2000లో ప్రతిపాదించారు. ఈ కొలతను ప్రకటనల పక్కన పెట్టి చూస్తే ఆసక్తికరమైన విషయం తేలుతుంది. నియాసినమైడ్ 122, ఆస్కార్బిక్ ఆమ్లం 176, రెటినాల్ 286 డాల్టన్లు. అంటే బాగా అమ్ముడుపోయే ద్రవ్యాల్లో చాలావాటికి పరిమాణం అడ్డంకి కాదు. ఆస్కార్బిక్ ఆమ్లానికి నీటిలో నిలకడ లేదు, పైగా అది కొవ్వు పొరలో కలవదు. రెటినాల్ వెలుతురుకూ గాలికీ చెడుతుంది, చర్మాన్ని మండిస్తుంది. కాబట్టి వాహకం చేసే అసలు మేలు కాపాడటం, నెమ్మదిగా వదలడం. లోతుకు మోసుకుపోవడం దాని తర్వాతి మాట.

లైపోజోమ్ అనే వాహకాన్ని, అంటే ఫాస్ఫోలిపిడ్ పొరల సూక్ష్మ సంచిని, కేంబ్రిడ్జి దగ్గరి బాబ్రహామ్‌లో అలెక్ బాంగమ్ కనుగొన్నాడు. ఆయన తొలిసారి గమనించింది 1961లో అని కొందరు రాస్తారు. పత్రాలు అచ్చయినది 1964–65లో కనుక ఆ తేదీయే భద్రం. సౌందర్య సాధనంగా మొదట అంగడికెక్కింది ఏదన్న విషయంలోనూ రెండు కథనాలున్నాయి. కొందరు డియోర్ వారి కాప్చర్ (1986) అంటారు, కొందరు లాంకోమ్ వారి నియోజోమ్ అంటారు. లోరియాల్ నియోజోమ్‌పై 1970ల నుంచే పనిచేసినా, అది అయాన్‌రహిత సర్ఫాక్టెంట్‌తో చేసినది, ఫాస్ఫోలిపిడ్‌తో చేసినది కాదు. లైపోజోమ్ మేరకు కాప్చర్‌కే మొగ్గు చూపాలి. 1990ల మొదట్లో బెర్లిన్‌లో ముల్లర్, ట్యూరిన్‌లో గాస్కో ఘన లిపిడ్ నానోకణాలను రూపొందించారు. గ్రెగర్ సెవ్‌చ్ ట్రాన్స్‌ఫర్‌జోమ్‌లు, జెరూసలేంలో ఎల్కా తువితూ ఎథోజోమ్‌లు ఆ దశాబ్దానివే. రంధ్రాలున్న పాలిమర్ గుళికలైన మైక్రోస్పాంజ్‌లలో ట్రెటినాయిన్ నింపిన రెటిన్-ఎ మైక్రోకు అమెరికా 1997లో అనుమతినిచ్చింది. అది సౌందర్య సాధనం కాదు, మందు. ఢిల్లీలోని జామియా హమ్‌దర్ద్ నుంచి 2007 ప్రాంతంలో వెలువడిన నానోఎమల్షన్ పత్రాలు కూడా మందులకు సంబంధించినవే. వాటిలో తక్కువ శక్తితో, అధిక పీడన హోమోజనైజర్ లేకుండా ఎమల్షన్ చేసే దారి ఉంది కనుక చిన్న యూనిట్‌కు అవి ఎక్కువ చేరువ.

పేరు ఎంత గొప్పదైనా ప్రతి వాహకానికీ ఒక బలహీనత ఉంది. లైపోజోమ్‌ను వేడి, బలమైన చిలుకుడు, సర్ఫాక్టెంట్ విప్పేస్తాయి. ఘన లిపిడ్ కణాన్ని చల్లార్చే వేగం అదుపులో లేకపోతే, స్ఫటికం బిగిసేకొద్దీ లోపలి ద్రవ్యం బయటికి నెట్టబడుతుంది. ఎథోజోమ్‌లో సాధారణంగా 20–45 శాతం ఇథనాల్ ఉంటుంది. అంటే ఆవిరి, నిప్పు, ఎక్సైజు కాగితాలు. యూనిట్లు చాలావరకు వాహకాన్ని తామే తయారుచేయవు, సరఫరాదారు నుంచి సిద్ధంగా కొంటాయి. ఖరీదైన ద్రవ్యం కాబట్టి కొనేటప్పుడు నాణ్యతా పత్రం అడుగుతారు. దాన్ని వెసెల్‌లో వేసే నిమిషాన్ని మాత్రం ఎవరి అలవాటుకో వదిలేస్తారు. బల్క్ 55 డిగ్రీల దగ్గర ఉండగానే షిఫ్టు ముగుస్తోందని చేర్చేస్తే, చేరిన తర్వాత కూడా హోమోజనైజర్‌ను ఆపకపోతే, లేబుల్ మీద లైపోజోమ్ ఉంటుంది, ట్యూబులో ఉండదు. చూపుకు క్రీము చక్కగానే ఉంటుంది. ఈ లోపం కంటికి కనబడదు కనుకే లీన్ సాధనాల అవసరం ఇక్కడ ఎక్కువ. 40 డిగ్రీలకు దిగేదాకా చేర్పు మూత తెరుచుకోని ఏర్పాటు ఒక పోకాయోకే, అంటే పొరపాటుకు తావివ్వని అమరిక. డ్రమ్ము మీద నింపిన గంట రాసి, ఆ వరసలోనే ఫిల్లింగ్‌కు తీయడం ముందు నింపింది ముందు పంపే ఫైఫో పద్ధతి. చీపురు, బోర్డు, పసుపు గీతలతో ఆగిపోయే 5ఎస్ (పనిచోటును సర్దే పద్ధతి) ఆ పని చేయదు.

వాహకాన్ని లీన్‌తో కాపాడాలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం లీన్ అనుయాయుల నుంచే వస్తుంది. సూక్ష్మజీవి పరీక్షలో బాక్టీరియాకూ శిలీంధ్రాలకూ కలిపి ఐదు రోజుల దాకా పడుతుంది. ఆ ఎదురుచూపు పోనిదే ప్రవాహం ఎక్కడిది అంటారు. వోమాక్, జోన్స్ తమ 1996 గ్రంథంలోనే విలువ చేర్చకపోయినా ప్రస్తుతానికి తప్పనిసరైన వృథాను, వెంటనే తీసేయగల వృథాను వేరుచేశారు. పరీక్ష మొదటి కోవది. దాన్ని తగ్గించబూనడం లీన్ కాదు, తెగింపు. చేయగలిగిందల్లా ఆ ఐదు రోజులూ బల్క్ ఎక్కడ, ఏ వేడిలో, ఎంత గాలి తగిలేలా ఉండాలో నిర్ణయించడం. మే, జూన్ నెలల్లో ఢిల్లీ ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల షెడ్డులో ఉంచిన డ్రమ్ముకు ఆ ఐదు రోజులే పెద్ద పరీక్ష.

రెండో అభ్యంతరం చిన్న బ్యాచ్‌ల గురించి. 100 కిలోల బల్క్ నుంచి 50 గ్రాముల ట్యూబులు 2,000 వస్తాయి. నిమిషానికి 20 నింపే యంత్రానికి అది 100 నిమిషాల పని. తర్వాత హాపర్, నాజిల్, గొట్టాలు కడిగి ఆరబెట్టడానికి అంతే సమయం పట్టవచ్చు. అందుకే పెద్ద బ్యాచ్ చేసి నిల్వ పెట్టుకోవడమే లాభమని యజమానులు లెక్క కడతారు. ఈ లెక్కలో నిజముంది. కారు ప్రెస్సులో అచ్చు మార్చే సమయాన్ని షిగియో షింగో నిమిషాలకు దించినట్టు కడుగుడును దించలేం, హడావిడిగా కడిగితే తదుపరి బ్యాచ్ కలుషితమవుతుంది. అయితే షింగో పద్ధతి కీలకం వేగం కాదు, యంత్రం ఆగినప్పుడే చేయాల్సిన పనిని, నడుస్తుండగా చేయగలిగే పనిని విడదీయడం. హాపర్, నాజిల్, గ్యాస్కెట్‌లు రెండో జత కొనుక్కుంటే ఒకటి లైనుపై ఉండగా మరొకటి కడిగి ఆరుతుంది. ఆ ఖర్చు ఒక పాడైన వాహక బ్యాచ్ ఖరీదుతో పోల్చి చూడదగినది.

ఈ అభ్యంతరాలకు తోడు భౌగోళిక, చట్టపరమైన చిక్కులు ఈ ప్రాంతానికి ప్రత్యేకం. సౌందర్య సాధనాల నియమాలు 2020 డిసెంబరులో వచ్చాక కూడా తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారి చేతిలోనే ఉంది, అది ఆవరణకు ముడిపడి ఉంటుంది. ఓఖ్లా ఢిల్లీ కిందికి, ఫరీదాబాద్, కుండ్లీ హర్యానా కిందికి, సాహిబాబాద్, నోయిడా ఉత్తరప్రదేశ్ కిందికి వస్తాయి. కాబట్టి బల్క్ ఒకచోట, ఫిల్లింగ్ ఇంకోచోట పెట్టుకున్న సంస్థకు, లీన్ చెప్పే ‘రవాణా వృథా’ను తగ్గించడం గోడలు జరిపినంత తేలిక కాదు. లోన్ లైసెన్సు మీద వేరొకరి ప్లాంటులో చేయించే బ్రాండ్లకు ప్రక్రియపై పట్టు ఇంకా తక్కువ.

వాహకమంతా వ్యాపార ఆర్భాటమే, దానికి ఇంత జాగ్రత్త ఎందుకన్నది మూడో అభ్యంతరం. ఇది కొంతవరకే నిజం. లైపోజోమ్ చెక్కుచెదరకుండా చర్మం లోతుకు వెళుతుందన్న వాదనను ఎక్కువమంది పరిశోధకులు ఇప్పుడు ఒప్పుకోరు, పై పొరలోని కొవ్వుతో అది కలిసిపోతుందన్నదే మొగ్గున్న అభిప్రాయం. చట్టం కూడా ఆ వాదనకు అనుకూలం కాదు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం సౌందర్య సాధనం శుభ్రపరచడానికి, అందానికి, రూపం మార్చడానికి వాడేది. శరీర క్రియనే మారుస్తుందని చెబితే అది మందుల లెక్కలోకి జారుతుంది. అంటే ‘లోతుకు చేరుతుంది’ అని నిజంగా రుజువు చేసిన చిన్న యూనిట్ తన లైసెన్సునే ప్రశ్నలో పడేసుకుంటుంది. కాపాడటం, మంట తగ్గించడం అన్న నిరాడంబరమైన మేలుకు ఆ చిక్కు లేదు. ఆ మేలు మాత్రం పూర్తిగా తయారీ క్రమశిక్షణ మీదే నిలుస్తుంది.

ఇక ఓనో జాబితాలోని ‘నిల్వ’ సంగతికి వస్తే, గుట్టల్లో పెద్దది క్రీముది కాకపోవచ్చు, ముద్రించిన ట్యూబులదే కావచ్చు. ముద్రణదారు పెట్టే కనీస ఆర్డరు చిన్న యూనిట్ అమ్మకాన్ని మించుతుంది, ద్రవ్యాల పట్టికలో ఒక్క పేరు మారినా పాత ట్యూబులు చెత్తే. ఖాళీ ట్యూబుకు లేబుల్ అతికించడం చూపుకు కాస్త తక్కువే అయినా వాహకాలను తరచు మార్చే యూనిట్‌కు అదే నయం. శీతాకాలంలో కాలుష్య కట్టడి ప్రణాళిక కింద డీజిల్ జనరేటర్లపై వచ్చే ఆంక్షలు మరో సమస్య. చల్లార్చే దశలో కరెంటు పోయి కలిపే గరిట ఆగితే ఎమల్షన్ గడ్డకట్టవచ్చు, విరగవచ్చు. మొత్తం ప్లాంటుకు కాకపోయినా ఆ ఒక్క మోటారుకు బ్యాటరీ ఆధారం ఇవ్వడం చవకైన జాగ్రత్త.

చర్మపు క్రీములకు భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 6608 ఆమ్లత, కొవ్వు శాతం, భార లోహాలు, సూక్ష్మజీవులు, 45 డిగ్రీల వద్ద 48 గంటల నిలకడ వంటివి అడుగుతుంది. వాహకం మిగిలిందా అన్నది అందులో లేదు. ఆ ప్రశ్నకు జవాబు యూనిట్ తన దగ్గర అట్టిపెట్టుకున్న నమూనాలో, దాని పక్కన రాసుకున్న వేడి, సమయం, చేర్చిన వరస అనే మూడు గళ్లలోనే దొరుకుతుంది.