ఆజర్ నెల ముచ్చట

ఆ మొద్దును ఇంకింత లోపటికి నూకు బిడ్డా, మంట లేస్తది. ఆఁ, కాగితం ముచ్చటనే గదా అడిగినవు. మీ నాయిన పాత పహాణీ దేవులాడుతుంటే పెట్టెల దొరికింది అది. "ఆజర్ 1356 ఫస్లీ" అని ఉన్నది. ఆజర్ అంటే మనిషి పేరు గాదు, నెల పేరు. ఫస్లీ అంటే సర్కారు సంవత్సరాల లెక్క, దానికి 590 కలుపు, 1946 అయితది. ఆజర్ మన దగ్గర అక్టోబర్ మొదటి వారంల పడుతుండె, నిజాం సర్కారుకు కొత్త సంవత్సరం అప్పుడే.

నేను పోరగాన్నప్పుడు ఈ డోర్నకల్ల మూడు లెక్కలు నడిచేటియి. రైల్ టేషన్ల ఇంగ్లీషు తారీఖు, ఇంట్ల పంచాంగం, కచ్చీరుల ఫస్లీ. పెండ్లి ముహూర్తం మాఘమాసంల జూసుకునేటోళ్లు, శిస్తు రసీదు మీద మాత్రం పట్వారీ బహమన్ అనో ఇస్ఫందార్ అనో రాసేటోడు. ఆ పేర్లు ఏడికెల్లి వచ్చినయో అడిగినోడు లేడు. నేను గూడ పెద్దగైనంకనే చదివి తెలుసుకున్న. తెలుసుకున్ననాడు నిద్ర పట్టలె.

అవన్ని ఇరాన్ దేశపు పాత దేవతల పేర్లు బిడ్డా. ఇస్లాం రాకముందు, జరతుష్ట్రుని మతం నడిచిన కాలం నాటియి. సైరస్, డేరియస్ అసొంటి రాజులు ఏలిన దేశం అది, ఇరవై అయిదు వందల ఏండ్ల కిందటి మాట. ఆజర్ అంటే అగ్ని. ఆబాన్ అంటే నీళ్లు. బహమన్ అంటే మంచి మనసు. మెహర్ అంటే ఇచ్చిన మాటను కాపాడే దేవుడు. మన వేదంల మిత్రుడు, వరుణుడు అని జంటగ పిలుస్తరు సూడు, ఆ మిత్రుడూ ఈ మెహరూ ఒక్క కొమ్మకు పుట్టినోళ్లే.

తీర్ నెల కథ వినుర్రి, నాకు అన్నిట్ల అదే ఇష్టం. తిష్త్ర్య అని ఒక చుక్క, వాన దేవుడు, తీర్ నెల ఆయనదే. అపోష అని కరువు దయ్యం. వాన దేవుడు తెల్ల గుర్రమై సముద్రం కాడికి దిగిండు. దయ్యం బొచ్చు ఊడిన నల్ల గుర్రమై ఎదురొచ్చింది. మూడు పగళ్లు, మూడు రాత్రులు కొట్లాడిన్రు. తెల్ల గుర్రం ఓడింది. దూరం పారిపోయి, "జనం నన్ను పేరు వెట్టి మొక్కలేదు, అందుకే నాకు బలం చాలలె" అని ఏడ్చింది. అప్పుడు పెద్ద దేవుడు అహూర మజ్దా, తనే కూసొని ఆ చుక్కకు పూజ చేసిండు. దేవునికి దేవుడే మొక్కిండు! పది గుర్రాల బలం, పది ఒంటెల బలం, పది ఎడ్లది, పది కొండలది, పది నదులది వచ్చి చేరింది. మళ్ల దిగి కొట్లాడితే మిట్టమధ్యాహ్నం కల్లా దయ్యం ఉరికింది. మబ్బులు లేచినయి, చేన్ల మీద వాన పడ్డది.

మన సర్కారు లెక్కల ఆ తీర్ మే నెలల పడేది, రోహిణి ఎండలు మాడ్చంగ. దాని ఎనుక అమర్దాద్, చెట్టుచేమలను కాపాడే తల్లి పేరు. అది వచ్చేసరికి మృగశిర, ఇత్తనాలు పెట్టే కాలం. ఇరాన్ల ఈ నెలలు ఇంకింత ఎనుకకు పడుతయి, గనుక ఇది ఎవరూ కావాలని కుదిర్చింది గాదు. అయినా ఆకాశం దిక్కు సూసుకుంట కూసున్న మన రైతు చేతి కాగితం మీద వాన దేవుని పేరే ఉండె.

ఎట్ల వచ్చినయంటవా? 651ల ఇరాన్ పాత మతపు రాజ్యం అరబ్బుల చేతిల కూలింది. మతం మారింది, నెలల పేర్లు మారలె, ఇరాన్ల ఇయ్యాల్టికీ అవే. అక్బర్ పాదుషా 1584ల తన ఇలాహీ లెక్కకు వాటినే తీసుకున్నడు. గోల్కొండ కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ గూడ ఇరాన్ల హమదాన్ నుంచి వచ్చినోడాయె. నిజాం కచ్చీర్లల్ల 1884 దాకా ఫార్సీ భాషే, దివాన్ సాలార్ జంగ్ దొరతనంల ఈ నెలలు దఫ్తర్లకెక్కినయి. పాత మతం ఇడువనోళ్లు కొందరు గుజరాత్ కు వచ్చి పార్శీలైన్రు. వాళ్ల అగ్నిగుడి సికింద్రాబాద్ల 1847 నుంచి ఉన్నది. మన పీర్ల పండుగ అలావా నిప్పును దీంతోటి కలపకుర్రి, అది మొహర్రందీ, దాని ముచ్చట వేరే.

ఇంకొక్కటి. మన ఊరి పెద్ద చర్చి, బిషప్ అజరయ్య గారు కట్టించి 1939ల తెరిచింది. గుమ్మటాలు మసీదు తీరు, స్తంభాలు గుడి తీరు. దాని పేరు ఎపిఫనీ, అంటే చుక్కను సూసుకుంట తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల పండుగ. బైబిల్ గ్రీకుల ఆ జ్ఞానులను పిలిచిన పేరు ఇరాన్ అగ్నిపూజారులదే. 614ల ఇరాన్ దండు పాలస్తీనా మీద పడి చర్చిలను కూల్చుకుంట బెత్లెహేము దాకా వచ్చిందట. అక్కడి చర్చి గోడ మీద ఆ జ్ఞానుల బొమ్మ, ఇరానీ బట్టల్ల. సిపాయిలు తమ తాతల వేషం గుర్తువట్టి, ఆ ఒక్క గుడిని ముట్టకుంట మర్లిపోయిన్రని చెప్పుకుంటరు.